ఇరుకు ఎక్కడుందో ముందు చూడండి: ఇంట్లో పెద్ద ఫైళ్ల డౌన్‌లోడ్ గురించి ఒక ప్రసంగం

రానివాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం.

స్క్రీన్ కనిపిస్తోందా అందరికీ? వెనకాల వాళ్లకి? సరే. మాట్లాడటం మొదలుపెట్టే ముందు ఒక పని చేస్తాను. ఇదిగో ఇది ఉబుంటు ఐఎస్ఓ ఫైలు, అంటే విండోస్ లాంటిదే లినక్స్ అని ఉంది కదా, అందులో ఒక రకం మొత్తం ఒకే ఫైలుగా, దాదాపు 6 జీబీ ఉంటుంది, దీన్ని ఈ హాల్లో ఉన్న వైఫై మీద డౌన్‌లోడ్ పెడుతున్నాను. ప్రత్యేకంగా ఏం చేయట్లేదు, మనందరం ఇంట్లో పెట్టినట్టే పెడుతున్నాను. నొక్కాను. ఎంత చూపిస్తోంది? 2 ఎంబీ... 1.9... మళ్లీ 2. ఇంకా 50 నిమిషాలు అంటోంది. నాకిచ్చిన టైమేమో అరగంట. అంటే నేను దిగిపోయాక కూడా ఇది అవ్వదు. సర్లెండి, దాని పని అది చేసుకుంటూ ఉంటుంది, మనం మధ్యమధ్యలో తొంగి చూద్దాం.

నన్ను ఎవరు పట్టుకున్నా అడిగేది ఒకటే. "నెట్ స్లోగా ఉందండీ, ఏం చేయమంటారు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే, ఎక్కడ స్లో? దానికి మాత్రం ఎవరి దగ్గరా జవాబుండదు. ఎక్కడ స్లో ఏంటండీ, నెట్టే స్లో అంటారు. నెట్ అంటే ఒక వస్తువు కాదు కదా. ఆ ఫైలు ఎక్కడో ఒక సర్వర్‌లో డిస్క్ మీద ఉంది, అక్కణ్నుంచి బయల్దేరి, ఆ సర్వర్ వాళ్ల లైను మీదుగా, అవసరమైతే సముద్రాలు దాటి, మీ ఇంటర్నెట్ కంపెనీ దాకా వచ్చి, అక్కణ్నుంచి మీ వీధి, మీ ఇల్లు, మీ రౌటర్, రౌటర్ నుంచి గాల్లో వైఫై, వైఫై నుంచి లాప్‌టాప్, లాప్‌టాప్‌లో మళ్లీ ఒక డిస్క్. ఇన్ని మజిలీలున్నాయి. వీటిలో ఏది అన్నిటికన్నా ఇరుకో మొత్తం స్పీడ్ అదే. మిగతావి మీరు ఎంత వెడల్పు చేసుకోండి, ఎంత డబ్బైనా పోయండి, ఒక్క కేబీ పెరగదు. నేను చెప్పేది ఇంతే. మిగతా అరగంటా దీన్నే తిప్పి తిప్పి చెప్తాను, కాబట్టి ఎవరికైనా పనుంటే ఇప్పుడే వెళ్లిపోవచ్చు.

ఎవరూ లేవలేదు. మంచిది.

ముందు లెక్క ఒకటి తేల్చుకుందాం, ఎందుకంటే సగం ఫిర్యాదులు ఈ లెక్క దగ్గరే పోతాయి. మీ ప్లాన్ 100 ఎంబీపీఎస్ అనుకోండి. డౌన్‌లోడ్‌లో ఎంత రావాలి? 100 అని ఎంతమంది అనుకుంటున్నారు? చేతులెత్తండి, ఏం పర్లేదు. చూశారా. కంపెనీవాళ్లు చెప్పేది మెగాబిట్లలో, బ్రౌజర్ చూపించేది మెగాబైట్లలో. ఇంగ్లీషులో రాసేటప్పుడు చిన్న బీ వేస్తే బిట్, పెద్ద బీ వేస్తే బైట్, ఒక బైట్‌కి 8 బిట్లు. 100ని 8తో భాగిస్తే 12.5. అది కూడా పూర్తిగా చేతికి రాదు. డేటా ప్యాకెట్లుగా వస్తుంది కదా, ఒక్కో ప్యాకెట్‌లో మన ఫైలు ముక్క 1460 బైట్లు ఉంటే, దాని మీద అడ్రసులూ గట్రా అన్నీ కలిపి కేబుల్ మీద అది తీసుకునే చోటు 1538 బైట్లు. పార్సిల్ బరువులో అట్టపెట్టె బరువు కూడా ఉంటుంది కదా, అలాగ. అంటే నూటికి 95 చేతికొస్తుంది. సెకనుకి 11 చిల్లర ఎంబీ. 100 ఎంబీపీఎస్ లైను మీద మీకు 11 వస్తుంటే మీకు ఏ జబ్బూ లేదు, ఇంటికెళ్లి హాయిగా పడుకోండి. 50 జీబీ గేమ్ పెట్టారనుకోండి, గంటా పది నిమిషాలు పడుతుంది, పట్టాలి, అంతకన్నా ముందు రావాలంటే పెద్ద ప్లాన్ తప్ప ఏ యాప్ వల్లా కాదు. డౌన్‌లోడ్ బూస్టర్ అని, రెండు రెట్లు స్పీడ్ అని వస్తుంటాయి చూడండి, వాటి గురించి తర్వాత ఎవరో ఒకరు ఎలాగూ అడుగుతారు.

ఇప్పుడు నా సొంత భాగోతం ఒకటి చెప్తాను. ఇన్ని మాటలు చెప్తున్నాడు కదా ఈయనకి అన్నీ తెలుసేమో అనుకోకండి.

కొన్నేళ్ల క్రితం నేను 100 ఎంబీపీఎస్ ప్లాన్ నుంచి 300కి మారాను. మారిన రోజే స్పీడ్ టెస్ట్ పెట్టాను. 94. సరే, ఇంకా మార్చలేదేమో అనుకున్నా. మర్నాడు పెట్టాను, 94. కంపెనీకి ఫోన్ చేశాను. మా వైపు 300 వెళ్తోంది సార్ అన్నారు. నేనూరుకుంటానా? మీరు అబద్ధం చెప్తున్నారన్నాను, స్క్రీన్‌షాట్లు పంపాను, పొద్దునొకటి రాత్రొకటి. మనిషి వచ్చి బాక్స్ మార్చి వెళ్లాడు. 94. పది రోజులు, పది రోజులండీ, ఆ కంపెనీవాళ్ల ప్రాణం తీశాను. పదకొండో రోజు ఎందుకో కంప్యూటర్‌లో నెట్‌వర్క్ సెట్టింగ్స్ తెరిచి చూస్తే లింక్ స్పీడ్ అని ఒక లైను ఉంది. 100 అని ఉంది. 1000 ఉండాలి అక్కడ. అంటే నా కంప్యూటర్‌కీ నా రౌటర్‌కీ మధ్యనే 100. కేబుల్ పట్టుకుని చేత్తో తడుముకుంటూ వెళ్లాను, తలుపు కింద దాకా వచ్చేసరికి అక్కడ నలిగి చప్పిడైపోయి ఉంది. రోజూ ఆ తలుపు వేసేదీ నేనే, తీసేదీ నేనే. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

లోపల ఏం జరిగిందంటే, ఆ కేబుల్‌లో 8 తీగలుంటాయి, నాలుగు జతలు. గిగాబిట్ నడవాలంటే నాలుగు జతలూ కావాలి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు. ఒక్క తీగ తెగితే చాలాసార్లు ఏమవుతుందంటే ఆ రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి అడిగి చూసుకుని, గిగాబిట్ కుదరట్లేదు, సరే 100లో మాట్లాడుకుందాం అని వాటిలో అవే ఒప్పందం చేసుకుంటాయి. మీకు చెప్పవు. నెట్ ఆగదు కాబట్టి మీకు అనుమానమూ రాదు. అందుకే చెప్తున్నా, స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు పెట్టినా 93, 94, 95 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోతే అది కంపెనీ కాదు, ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఒకటుంది. కేబుల్ కావచ్చు, పాత రౌటర్ పోర్టు కావచ్చు, మధ్యలో ఒక కేబుల్‌ని నాలుగైదుగా పంచడానికి పెట్టిన నెట్‌వర్క్ స్విచ్ కావచ్చు. ఇందాక నూటికి 95 అన్నానా? ఆ 95 ఇదే. నిజంగా లైను సరిగా లేకపోతే నంబరు పైకీ కిందకీ ఊగుతుంది, ఇలా గీత గీసినట్టు ఉండదు.

మంచి కేబుల్ అంటే క్యాట్ 5ఈ చాలు, క్యాట్ 6 అయితే నిశ్చింత. బంగారుపూత అనీ అదనీ ఇదనీ అమ్ముతారు, అక్కర్లేదు.

సరే, మన డౌన్‌లోడ్ ఏమైంది? 1.4 జీబీ. పన్నెండు నిమిషాలైంది. ఇంకా అదే 2 దగ్గర ఉంది. ఇప్పుడు చెప్పండి, ఇక్కడ ఇరుకెక్కడ? ఈ హాలుకి ఉన్న లైను 100 ఎంబీపీఎస్ అని నిర్వాహకులు చెప్పారు. 11 రావాల్సిన చోట 2 వస్తోంది. వైఫై, కరెక్ట్, ఎవరో అన్నారు. ఎలా చెప్పగలిగారు? ఊహించారు. ఊహ కాదు, కొలుద్దాం. ఇదిగో కేబుల్ తెచ్చుకున్నా, తలుపు కింద పడనిది. పాజ్ కొట్టాను. కేబుల్ పెట్టాను. వైఫై ఆపాను, ఇది మర్చిపోకండి, లేకపోతే దేని మీద వెళ్తోందో తెలియదు. రెజ్యూమ్. చూడండి చూడండి... 6... 9... 11. అక్కడ నిలబడింది. అదే సర్వర్, అదే కంపెనీ, అదే లాప్‌టాప్. మారింది ఆ పది అడుగుల గాలి ఒక్కటే.

వైఫై ఎందుకింత దెబ్బ కొడుతుంది? ఇది కొంచెం వివరంగా చెప్తాను, ఇంట్లో నూటికి తొంభై కేసులు ఇక్కడే ఉంటాయి. నూటికి తొంభై అంటే సర్వే చేసి కాదు లెండి, నేను చూసినంతలో. వైఫైలో ఒక చానల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడాలి. ఈ హాల్లో ఒకే మైకు ఉన్నట్టు. నా చేతిలో ఉన్నంతసేపూ మీరు మాట్లాడలేరు, మీకిస్తే నేను నోరు మూసుకోవాలి. రౌటర్ పంపేటప్పుడు లాప్‌టాప్ పంపలేదు, లాప్‌టాప్ పంపేటప్పుడు పక్క గదిలో ఫోన్ ఆగాలి. పక్కింటి వైఫై కూడా అదే చానల్లో ఉంటే వాళ్లకి కూడా మనం ఆగాలి. దీనికి తోడు ఇంకోటి. మూల గదిలో ఒక పాత ఫోన్ ఉంది, సిగ్నల్ బలహీనం, అది నెమ్మదిగా మాట్లాడుతుంది. నత్తి ఉన్నాయన మైకు పట్టుకున్నట్టు... తప్పు, ఆ పోలిక వద్దు, మా మామయ్యకి నత్తి ఉండేది, ఆయనంత బాగా మాట్లాడేవాణ్ని నేను చూడలేదు. మైకు పట్టుకుని వదలని వక్త అనుకోండి, నాలాంటివాడు. ఆయన ఒక్క మాట చెప్పడానికి తీసుకునే టైములో మీరు పది చెప్పుండేవాళ్లు. ఆ పాత ఫోన్ కొంచెమే వాడుతున్నా గాలి టైము మాత్రం ఎక్కువ తినేస్తుంది. అందుకే రౌటర్ అట్టపెట్టె మీద రాసిన నంబర్లు, 1200 అనీ 3000 అనీ, అవి ఇంట్లో రావు. సగం వస్తే సంతోషించండి.

ఇంకోటి, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తాయి మీ ఫోన్లో. 2.4 గోడల్లోంచి దూరం వెళ్తుంది, కానీ అక్కడ ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగే చానళ్లు మూడే, 1, 6, 11. చుట్టుపక్కల ఎన్ని ఇళ్లున్నా అందరూ ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పక్కనే, 2.45 దగ్గర పనిచేస్తుంది, అది ఆన్ చేసినప్పుడల్లా డౌన్‌లోడ్ పడుకుంటే ఆశ్చర్యపోకండి. 5 గిగాహెర్ట్జ్‌లో చోటెక్కువ, కాకపోతే గోడ అడ్డొస్తే త్వరగా నీరసిస్తుంది. పెద్ద ఫైలు దించుకునేటప్పుడు మీరు చేయాల్సింది రౌటర్ ఉన్న గదిలోకి వెళ్లి 5 మీద కనెక్ట్ అవ్వడం. అంతే. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? ఇది చేసి చూడకుండా కొత్త రౌటర్ కొంటారు, కొన్నదాన్ని మళ్లీ తీసుకెళ్లి టీవీ వెనకాల, చెక్క బీరువాలో పెడతారు. అందంగా లేదటండీ యాంటెన్నా. వైఫైని దూరం గదులకి అందించే రిపీటర్ కొనేవాళ్లకి ఒక మాట: మామూలు చవక రిపీటర్ అదే రేడియోతో విని అదే రేడియోతో మళ్లీ చెప్పాలి, కాబట్టి సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, స్పీడ్ దాదాపు సగమవుతుంది. కేబుల్ లాగగలిగితే లాగేయండి.

ఇప్పుడు కేబుల్ కూడా పెట్టారు, స్పీడ్ టెస్ట్ ఫుల్‌గా వస్తోంది, కానీ ఆ ఒక్క ఫైలు మాత్రం 400 కేబీ దగ్గర పాకుతోంది. అప్పుడు? స్పీడ్ టెస్ట్ అబద్ధం చెప్తోందా? చెప్పట్లేదు. అది మీకు దగ్గర్లో ఉన్న సర్వర్‌ని వెతుక్కుని, ఒకేసారి చాలా కనెక్షన్లు తెరిచి కొలుస్తుంది. మీ ఫైలు భూమికి అవతలి వైపున్న సర్వర్ నుంచి ఒకే కనెక్షన్ మీద వస్తోంది. రెండూ ఒకటెలా అవుతాయి?

ఇక్కడ చిన్న కథ చెప్పాలి. 1986 అక్టోబర్‌లో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ నుంచి బర్క్‌లీ యూనివర్సిటీకి ఉన్న లింకు ఒకరోజు దాదాపు చచ్చిపోయింది. రెండిటికీ మధ్య దూరం 400 గజాలు, నడిచి వెళ్లొచ్చు. సెకనుకి 32 వేల బిట్లు వెళ్లాల్సింది 40 బిట్లకి పడిపోయింది. 40 వేలు కాదు, 40. కారణం వింతేమీ కాదు, రద్దీ అయినప్పుడు ప్యాకెట్లు పోతాయి, పోయాయి కదా అని అందరూ మళ్లీ పంపుతారు, దాంతో ఇంకా రద్దీ. అక్కడ పనిచేస్తున్న వాన్ జేకబ్సన్ అనే ఆయన, మైక్ కారెల్స్‌తో కలిసి, దీనికి మందు కనిపెట్టి 1988లో పేపర్ రాశాడు. ఆ మందు ఏంటంటే, ప్రతి కనెక్షనూ మర్యాదగా ఉండాలి. కొంచెం పంపు, అందిందని జవాబొస్తే ఇంకొంచెం పెంచు, ప్యాకెట్ పోయిందంటే రోడ్డు నిండిందని అర్థం చేసుకుని బాగా తగ్గించు. ఇవాళ్టికీ మన డౌన్‌లోడ్లు ఎక్కువభాగం ఈ మర్యాద మీదే నడుస్తున్నాయి.

ఇప్పుడు ఆలోచించండి, జవాబొస్తేనే పెంచాలి అన్నప్పుడు దూరం ఎక్కువైతే ఏమవుతుంది? ఫైబర్‌లో వెలుగు సెకనుకి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10,000 కిలోమీటర్ల అవతల సర్వర్ ఉంటే పోయి రావడానికే 100 మిల్లీసెకన్లు, దారి తిన్నగా ఉండదు కాబట్టి 200 అనుకోండి. పాత రోజుల్లో జవాబు రాకుండా ఒకేసారి పంపగలిగింది 64 కేబీ. 64 కేబీ పంపు, 200 మిల్లీసెకన్లు కూర్చో, మళ్లీ 64 కేబీ. సెకనుకి ఐదు సార్లు, అంటే 320 కేబీ. లైను ఎంత పెద్దదైనా అంతే! ఈ 64ని పెంచుకునే పద్ధతి 1992లోనే వచ్చింది, ఇప్పుడు అన్ని కంప్యూటర్లలోనూ ఉంది, కానీ అసలు సంగతి మారలేదు, దూరం పెరిగేకొద్దీ వేగం పుంజుకోవడం ఆలస్యం, మధ్యలో ఒక ప్యాకెట్ పోతే మళ్లీ కిందకి జారి, మళ్లీ ఎక్కాలి. పైగా కొన్ని సర్వర్లు ఒక్కో కనెక్షన్‌కి ఇంతే అని కావాలనే పరిమితి పెడతాయి.

డౌన్‌లోడ్ మేనేజర్లు పనికొచ్చేది ఇదిగో ఇక్కడ. ఫైలుని ముక్కలుగా చేసి నాలుగు కనెక్షన్ల మీద తెస్తాయి. ఒకదానికి ప్యాకెట్ పోయిందనుకోండి, అదొక్కటే తగ్గుతుంది, మిగతా మూడూ పరిగెడుతూనే ఉంటాయి. ఏరియా2 అని ఒక ఉచిత టూల్ ఉంది, నల్ల స్క్రీన్ మీద టైప్ చేయాలి, హైఫన్ ఎక్స్ అని పెట్టి పక్కన 4 వేస్తే ఒక సర్వర్‌కి నాలుగు కనెక్షన్లు. మామూలుగా ఏం చెప్పకపోతే ఒకటే తెరుస్తుంది, 16కి మించి ఒప్పుకోదు. టైపింగ్ అంటే భయపడేవాళ్లకి బటన్లున్న మేనేజర్లు బోలెడున్నాయి. క్రోమ్‌లో కూడా ఫ్లాగ్స్ పేజీలో పారలల్ డౌన్‌లోడింగ్ అని ఉంటుంది, ఆన్ చేసుకోవచ్చు. కానీ 16 పెట్టేయమని నేను చెప్పను. ఒకటి, మర్యాద కాదు, ఆ సర్వర్ మీదొక్కరిదే కాదు. రెండు, కొన్ని సర్వర్లు ఎక్కువ తెరిస్తే తలుపేసేస్తాయి. మూడు, ఇది ముఖ్యం, మీ ఇరుకు మీ ఇంట్లో వైఫై దగ్గరే ఉంటే 16 కాదు 160 పెట్టినా లాభం లేదు. ఇందాక మన డౌన్‌లోడ్‌కి మేనేజర్ పెట్టుంటే ఏమయ్యేది? 2 ఎంబీని నలుగురు పంచుకునేవాళ్లు.

దీని కంటే సులువైనది మిర్రర్ మార్చడం, అంటే అదే ఫైలు ఇంకో సర్వర్‌లో ఉన్న కాపీ తెచ్చుకోవడం. లినక్స్ ఐఎస్ఓల లాంటివి చాలా చోట్ల పెడతారు, మీకు దగ్గరున్నది ఎంచుకోండి. అదే ఐఎస్ఓకి టొరెంట్ లింకు ఉంటే అది ఇంకా మంచిది. బ్రామ్ కోహెన్ 2001లో మొదలుపెట్టిన పద్ధతి అది, ఒక్క సర్వర్ మీద పడకుండా ఆ ఫైలు ఉన్నవాళ్లందరి దగ్గరా తలో ముక్క తెచ్చుకుంటుంది, ప్రతి ముక్కా సరిగ్గా వచ్చిందో లేదో సరిచూసుకుంటుంది కూడా. టొరెంట్ అంటే దొంగ సినిమాలే అనుకుంటారు, పద్ధతిది తప్పు కాదు.

డీఎన్ఎస్ మార్చండి స్పీడ్ పెరుగుతుంది అని వీడియోలు చూసుంటారు. డీఎన్ఎస్ అంటే అడ్రసు చెప్పే మనిషి. మీరు ఇల్లు చేరాక ఆయన పని అయిపోయింది. కాకపోతే ఒక మెలిక ఉంది, పెద్ద కంపెనీలు ఒకే ఫైలుని చాలా ఊళ్లలో పెడతాయి, డీఎన్ఎస్ చెప్పే అడ్రసుని బట్టి మీకు దగ్గరి ఊరిదో దూరం ఊరిదో దొరుకుతుంది. అందుకని ఒక్కోసారి మార్చితే పెరుగుతుంది, ఒక్కోసారి మార్చినందుకే తగ్గుతుంది. వీపీఎన్, అంటే మన డేటాని ఇంకో సర్వర్ మీదుగా తిప్పి తెచ్చేది, అదీ అంతే, మామూలుగా దారి పొడవు చేస్తుంది, ఎప్పుడో కంపెనీవాడి దారి మధ్యలో బాగా కిక్కిరిసి ఉంటే చుట్టుదారి మేలవుతుంది. పెట్టి చూడండి, పెరగకపోతే తీసేయండి.

వీటన్నిటికన్నా నాకు బాధ కలిగించేది వేరే. 97 శాతం అయ్యాక తెగిపోవడం. అవునా కాదా? 40 జీబీలో 39 వచ్చి, లాప్‌టాప్ నిద్రపోయింది, అయిపోయింది, మళ్లీ సున్నా నుంచి. ఇలా రెండుసార్లు తెగితే మీ లైను ఎంత స్పీడైతే ఏం లాభం? అందుకని పెద్ద ఫైలు మొదలుపెట్టే ముందు స్లీప్ ఆపేయండి, మూత వేస్తే పడుకునే సెట్టింగ్ కూడా చూసుకోండి. ఇందాక నేను పాజ్ చేసి కేబుల్ మార్చి రెజ్యూమ్ కొడితే 1.4 నుంచే మొదలైంది గమనించారా? ఎలా? బ్రౌజర్ వెళ్లి సర్వర్‌ని అడిగింది, ఇన్నో బైట్ నుంచి ఇవ్వగలవా అని. ఇవ్వగలిగిన సర్వర్ 206 అని జవాబిస్తుంది, అంటే ముక్క ఇస్తున్నానని. ఇవ్వలేని సర్వర్ 200 అని మొత్తం మళ్లీ మొదట్నుంచి పంపుతుంది. డబ్ల్యూగెట్, కర్ల్ అని నల్ల స్క్రీన్ మీద టైప్ చేసే టూల్సే ఇంకో రెండున్నాయి, డబ్ల్యూగెట్ వాడేవాళ్లు హైఫన్ చిన్న సీ పెట్టండి, కర్ల్ వాళ్లు హైఫన్ పెద్ద సీ, పక్కన ఖాళీ వదిలి ఇంకో హైఫన్. ఇక్కడొక మోసం ఉంది, కొన్ని సైట్లు ఇచ్చే లింకులకి గడువుంటుంది, కొన్ని గంటలాగి రెజ్యూమ్ కొడితే ఒప్పుకోదు. అప్పుడు సగం ఫైలు తీసేయకండి, ఆ సైట్‌కి వెళ్లి కొత్త లింకు తెచ్చుకుని మేనేజర్‌లో పాత ఎంట్రీకి ఆ లింకు అతికించండి, చాలా మేనేజర్లలో ఈ సౌకర్యం ఉంటుంది.

అప్‌లోడ్ సంగతి. డౌన్‌లోడ్ గురించి మాట్లాడుతూ అప్‌లోడ్ ఎందుకంటారా? ఇందాక అనుకున్నాం కదా, అందింది అని జవాబు వెనక్కి వెళ్లాలి. ఆ జవాబు వెళ్లేది అప్‌లోడ్ దారిలో. ఇంట్లో ఎవరిదో ఫోన్ రెండు వేల ఫోటోలు క్లౌడ్‌లోకి ఎక్కిస్తోందనుకోండి, ఆ దారి నిండిపోయింది, మీ జవాబులు ఆ ఫోటోల వెనక క్యూలో నిలబడ్డాయి, దాంతో అటునుంచి వచ్చేది కూడా తగ్గుతుంది. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ అనే ఇంజనీరు తన ఇంట్లోనే ఇది చూసి, ఎందుకిలా అని తవ్వితే తేలిందేంటంటే మోడెమ్‌లలో, రౌటర్లలో మరీ పెద్ద పెద్ద క్యూలు పెట్టేశారని, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదన్న ఆశతో. పేరు పెట్టాడు, బఫర్‌బ్లోట్ అని. దానికి 2012లో వచ్చిన మందుల్లో ఒకటి కేథలీన్ నికల్స్, వాన్ జేకబ్సన్ కలిసి చేసింది. ఈ పేరు ఇందాక విన్నారు. పాతికేళ్ల తర్వాత మళ్లీ ఆయనే, మళ్లీ అదే రద్దీ. మీ రౌటర్‌లో ఎస్‌క్యూఎం అని గానీ స్మార్ట్ క్యూ అని గానీ ఉంటే ఆన్ చేసి, మీ లైను స్పీడ్‌లో 90 నుంచి 95 శాతం నంబరు వేయండి. కొంచెం తక్కువ వేయడమేంటి అంటారు, అప్పుడు క్యూ కంపెనీ పెట్టెలో కాకుండా మీ రౌటర్‌లో, మీ అదుపులో ఉంటుంది. ఆ ఆప్షన్ లేకపోతే డౌన్‌లోడ్ అయ్యేదాకా ఫోటోల బ్యాకప్ ఆపండి, టొరెంట్‌లో అప్‌లోడ్‌కి ఒక పరిమితి పెట్టండి.

రాత్రి పూట పెట్టమంటారు కదా, అది నిజమే. చాలా ఫైబర్ లైన్లలో వాడే జీపాన్ అనే పద్ధతిలో 2.5 గిగాబిట్లు 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. సాయంత్రం అందరూ వీడియోలు చూస్తారు. తెల్లవారుజామున మీరొక్కరే.

చివరి మజిలీ డిస్క్. దీన్ని ఎవరూ అనుమానించరు. 500 ఎంబీపీఎస్ లైను, కేబుల్ బాగుంది, సర్వర్ బాగుంది, డౌన్‌లోడ్ మాత్రం ఎగిసి, ఆగి, ఎగిసి, ఆగి. సేవ్ చేసేది పాత మెమరీ కార్డు మీదకి. నెట్ తెచ్చినంత వేగంగా అది రాసుకోలేదు. యాంటీవైరస్ కూడా ఒక్కోసారి అడ్డం పడుతుంది. గేములు అమ్మే స్టీమ్‌లో గేమ్ అయితే డేటా కుదించి పంపుతారు, విప్పి రాయాల్సింది మీ ప్రాసెసర్, అది నలిగిపోతుంటే డౌన్‌లోడే ఆగుతుంది. టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ 100 శాతం చూపిస్తోందా, ప్రాసెసర్ 100 చూపిస్తోందా చూడండి, చూశాకే కంపెనీకి ఫోన్ చేయండి. ఇంకోటి, ఫ్యాట్32 అని డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పాత పద్ధతి ఒకటుంది, అందులో ఫార్మాట్ చేసిన డ్రైవ్ మీద ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, చోటు ఎంతున్నా సరే.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పమ్మా. బూస్టర్ యాప్‌లు. వచ్చింది చూశారా! ఫోన్లో పెట్టుకునే బూస్టర్లు ఏం చేయవమ్మా, ముళ్లు తిరిగే బొమ్మ ఒకటి చూపించి ప్రకటనలు చూపిస్తాయి, ఆ ప్రకటనలు దిగేదీ నీ డేటాతోనే. తీసేయ్.

మీరు అడగండి. ఇంట్లో రెండు కనెక్షన్లున్నాయి, కలిపితే రెండూ కూడతాయా? మంచి ప్రశ్న. రెండు లైన్లు పెట్టుకునే రౌటర్లున్నాయి, కానీ అవి మామూలుగా కనెక్షన్‌కో లైను చొప్పున పంచుతాయి, ఒక్క కనెక్షన్‌ని చీల్చి రెండింటి మీదా పంపవు. కాబట్టి బ్రౌజర్‌లో మామూలుగా పెడితే ఒక లైనే వాడుతుంది. నాలుగు కనెక్షన్ల మేనేజర్ పెడితే రెండటు రెండిటు పోవచ్చు, టొరెంట్ అయితే ఇంకా బాగా పంచుకుంటుంది.

అన్నట్టు మన ఫైలు! చూడండి, ఎప్పుడో అయిపోయింది, మనం చూడనేలేదు. 50 నిమిషాలంది కదా. ఇప్పుడు ఒక్క పని ఉంది, సరిగ్గా వచ్చిందో లేదో చూడాలి. ఆ సైట్‌లో షా256 అని 64 అక్షరాల వరస ఇస్తారు, ఫైలుకి వేలిముద్ర లాంటిది. ఇక్కడ విండోస్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండ్‌తో మన ఫైలుది లెక్కగడతాను... కొంచెం ఆగాలి... వచ్చింది. మొదటి నాలుగు, చివరి నాలుగు కలిశాయి, మధ్యలోవి కంటితో చూడకండి, రెండూ పక్కపక్కన పేస్ట్ చేసి పోల్చుకోండి. కలిసింది.

ఏం బాబూ, నీకు ఈ ఐఎస్ఓ కావాలా? పెన్‌డ్రైవ్ తెచ్చావా, ఇటివ్వు. 32 జీబీది, సరిపోతుంది. కాపీ... పేస్ట్... ఏమంటోంది? ఫైలు మరీ పెద్దదిట. చోటుంది కదా, 20 జీబీ పైన ఖాళీ ఉంది. ఎందుకంటోందో ఎవరైనా చెప్తారా? అదీ! వెనకాల అమ్మాయి చెప్పింది, ఫ్యాట్32. పెద్ద ఫైళ్లు పట్టే ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలోకి మార్చాలి, మారిస్తే ఇందులో ఉన్నవన్నీ పోతాయి. నీవేమైనా ఉన్నాయా ఇందులో? ఫోటోలా? అయితే ముందు అవి నా లాప్‌టాప్‌లోకి లాగుదాం. ఎంతంటోంది, 25 నిమిషాలు. ఈ పెన్‌డ్రైవ్ యూఎస్‌బీ 2 నాయనా. కూర్చో, మిగతావాళ్ల ప్రశ్నలు చూద్దాం.